వ్యాయామం ముందా, ట్రాలీ ఎత్తు ముందా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలోని ఒక పల్లె. ఫిజియోథెరపీలో డిగ్రీ పూర్తి చేసి, చెన్నై శివారులో ఒరగడం వైపున్న ఒక వాహన విడిభాగాల కర్మాగారంలో రెండేళ్లుగా పని చేస్తున్నాను. విదేశీ కొనుగోలుదారుల సలహా మీద మా యాజమాన్యం 'వర్క్‌ప్లేస్ అథ్లెటిక్ ట్రెయినింగ్' పేరుతో ఒక కార్యక్రమం మొదలుపెట్టి, దాని బాధ్యత నాకు అప్పగించింది. రోజూ షిఫ్టుకు ముందు పదిహేను నిమిషాలు కార్మికుల చేత వ్యాయామం చేయించాలి. నాలుగు నెలలు గడిచినా నడుము నొప్పి, భుజం నొప్పి అంటూ వచ్చేవారి సంఖ్య తగ్గలేదు. లోపం నాదేనేమో అనిపిస్తోంది. మరోవైపు దూరవిద్యలో అభివృద్ధి అధ్యయనాల ఎం.ఏ. చదువుతున్నాను. అంతర్జాతీయ అభివృద్ధి సిద్ధాంతాల పాఠం ఎంత చదివినా కొరుకుడు పడడం లేదు. రెండు విషయాలకూ ఏ పాఠ్యపుస్తకాలు కొనాలి? పాత ఎడిషన్లు పనికివస్తాయా? అసలు ఈ రెండు చదువులకూ పొంతన ఉందా, లేక రెండు పడవల మీద కాళ్లు పెట్టానా?
ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: అమ్మా, మీరు చివర అడిగిన ప్రశ్నతోనే మొదలుపెడతాను. దానికి జవాబు దొరికితే ఏ పుస్తకం కొనాలన్నది సగం తేలిపోతుంది. మీరు చదువుతున్న రెండు శాస్త్రాలకూ పైకి చుట్టరికం కనిపించదు గానీ, రెండింటిలోనూ దశాబ్దాలుగా ఒకే తగవు నడుస్తోంది. ఒక మనిషి వెనకబడినా, నొప్పితో కూలబడినా, సరిదిద్దవలసింది ఆ మనిషినా, అతడు నిలబడి ఉన్న చోటునా? నేను అంబత్తూరు పారిశ్రామికవాడలో చాలా ఏళ్లు సంక్షేమాధికారిగా పని చేశాను. అయిదు వందల మంది కార్మికులున్న ఫ్యాక్టరీలో అటువంటి అధికారి ఉండి తీరాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం చెప్పబట్టి నాకు దొరికిన ఉద్యోగమది. ఈ తగవు మొదట నాకు పుస్తకాల్లో కాదు, డిస్పెన్సరీ ముందు నిలబడిన వరసలోనే ఎదురైంది.

ముందుగా పేరు సంగతి చూద్దాం. అథ్లెటిక్ ట్రెయినింగ్ అనగానే మన దగ్గర పరుగు పందేలకు తయారుచేసే కోచ్ గుర్తుకు వస్తాడు. అమెరికాలో ఆ మాటకు అర్థం వేరు. ఆటగాడికి దెబ్బ తగలకుండా చూడడం, తగిలితే మైదానంలోనే పరీక్షించి ప్రథమ చికిత్స చేయడం, కోలుకున్నాక మళ్లీ ఆటకు సిద్ధం చేయడం అక్కడ ఒక ఆరోగ్య వృత్తి. ఆ వృత్తివారి జాతీయ సంఘం 1950లో ఏర్పడింది. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1990లో దానిని అనుబంధ ఆరోగ్య వృత్తిగా గుర్తించింది. కాలక్రమంలో గోదాములు, కర్మాగారాలు కూడా వీరిని నియమించుకుని, బరువులెత్తే కార్మికుణ్ణి 'ఇండస్ట్రియల్ అథ్లెట్' అని పిలవసాగాయి. మన దేశంలో ఆ వృత్తి విడిగా వేళ్లూనుకోలేదు కాబట్టి మీవంటి ఫిజియోథెరపిస్టుల మీదనే ఆ పని పడుతోంది. అమెరికా నుంచి వచ్చిన వ్యాయామ విద్య ఈ నగరానికి కొత్తేమీ కాదనుకోండి. హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ ఇక్కడ వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యా కళాశాలను 1920లోనే స్థాపించారు. ఇప్పుడది నందనంలో ఉంది.

'ఇండస్ట్రియల్ అథ్లెట్' అన్న మాట వినడానికి గౌరవంగానే ఉంటుంది. అయితే ఆటగాడికి సీజన్ ముగుస్తుంది, మ్యాచికీ మ్యాచికీ మధ్య విశ్రాంతి ఉంటుంది, నొప్పి ఉందంటే బెంచీ మీద కూర్చోబెట్టే కోచ్ ఉంటాడు. మీ లైనులో ఎనిమిది గంటలు నిలబడి, ఆపైన ఓవర్‌టైము చేసి, కంపెనీ బస్సులో గంటన్నర ప్రయాణించి ఇంటికి చేరే మనిషికి వీటిలో ఏదీ లేదు. అథ్లెటిక్ ట్రెయినింగ్ పాఠ్యపుస్తకంలోని ప్రతి అధ్యాయాన్నీ ఈ తేడాను మనసులో పెట్టుకునే చదవాలి.

ఆ రంగంలో మీరు కొనదగినది విలియం ప్రెంటిస్ రాసిన 'ప్రిన్సిపుల్స్ ఆఫ్ అథ్లెటిక్ ట్రెయినింగ్'. బరువైన గ్రంథమే గానీ, దానినంతా చదవవలసిన పని మీకు లేదు. శరీర భాగాల వారీగా గాయాలను పరీక్షించే అధ్యాయాల్లో చాలా భాగం మీరు డిగ్రీలో చదివినదే. ఆటల రక్షణ సామగ్రికి సంబంధించినవి వదిలేయండి. గాయం మానే క్రమం, గాయపడిన మనిషి మానసిక స్థితి, తిరిగి పనిలోకి పంపే నిర్ణయం, వీటన్నిటికంటే ముఖ్యంగా వాతావరణ ప్రభావం గురించిన భాగం శ్రద్ధగా చదవండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు మనవాళ్లు. మద్రాసు ఎండకు ఉక్కపోత కూడా తోడవుతుంది కాబట్టి చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. తీవ్రమైన వడదెబ్బ తగిలినవాణ్ణి ముందు చల్లబరచాలి, ఆ తర్వాతే తరలించాలి అన్నది క్రీడా వైద్యం నేర్పిన పెద్ద పాఠం. మన ఫ్యాక్టరీల్లో సాధారణంగా జరిగేది దీనికి తలకిందులు: అందరూ ఆంబులెన్సు కోసం గేటు వైపు పరుగెత్తుతారు, పక్కనే ఉన్న నీళ్ల తొట్టి ఎవరికీ గుర్తురాదు. వేడికి శరీరం అలవాటు పడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. అందుకే వేడిలో పని కొత్త అయినవాడికి మొదటి రోజు అయిదో వంతు పని మాత్రమే ఇచ్చి, ఆపైన రోజుకు మరో అయిదో వంతుకు మించకుండా పెంచాలని అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ సలహా ఇస్తుంది. నిన్న కాంట్రాక్టరు తీసుకొచ్చిన కుర్రవాణ్ణి ఈరోజు ఫర్నేసు పక్కన పూర్తి షిఫ్టు నిలబెట్టే చోట ఈ ఒక్క నియమం అమలు చేయించగలిగితే మీ నాలుగు నెలల వ్యాయామం కంటే ఎక్కువ మేలు జరుగుతుంది.

ఇక నడుము నొప్పి. అదే నియోష్ 1991లో సవరించిన బరువులెత్తే సూత్రం ఒకటి ఉంది. ఆ పాఠ్యపుస్తకం కన్నా ముందు మీరు చదవవలసింది అదేనని నా అభిప్రాయం. అన్నీ అనుకూలంగా ఉన్నప్పుడు రెండు చేతులతో ఎత్తదగిన బరువు 23 కిలోలని అది లెక్క కడుతుంది. అనుకూలమంటే పెట్టె శరీరానికి 25 సెంటీమీటర్ల దూరంలో, నేలకు 75 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, ఎత్తేటప్పుడు నడుము తిరగకూడదు. పెట్టె 50 సెంటీమీటర్ల దూరానికి జరిగిందంటే ఆ 23 కిలోలు పదకొండున్నరకు పడిపోతాయి. అదే పెట్టె నేల మీద ఉంటే సుమారు తొమ్మిదికి దిగుతుంది. దానికి 45 డిగ్రీలు పక్కకు తిరగడం కూడా తోడయితే ఏడున్నర కిలోల పైచిలుకు మాత్రమే మిగులుతుంది. నిమిషానికి ఎన్నిసార్లు ఎత్తుతారన్నది ఇంకా లెక్కలోకి రానే లేదు. ట్రాలీ మీద ఒక చెక్క అర వేసి పెట్టెను నడుము ఎత్తుకు తెచ్చి, మనిషికి దగ్గరగా జరిపితే పోయిన బరువు మళ్లీ చేతికి వస్తుంది. ఇంత తేడాను తీసుకురాగల వ్యాయామం ఏ పుస్తకంలోనూ లేదు. షిఫ్టుకు ముందు చేసే సాగదీత ఒళ్లు వెచ్చబరచవచ్చు, మనసుకు హాయినివ్వవచ్చు. అదొక్కటే పనిచోటి కండరాల గాయాలను ఆపుతుందనడానికి గట్టి ఆధారం లేదు. కాబట్టి నాలుగు నెలల ఫలితం చూసి మిమ్మల్ని మీరు నిందించుకోకండి.

నేను చేసిన పొరపాటు కూడా చెప్పాలి. ఒకప్పుడు మా లోడింగు విభాగంలో నడుము నొప్పులు పెరిగితే, నేనే ముందుండి యాజమాన్యాన్ని ఒప్పించి అందరికీ నడుము పట్టీలు కొనిపించాను. పంపిణీ చేసిన రోజు ఫొటో కూడా తీయించుకున్నాం. పట్టీ ఉంది కదా అన్న ధీమాతో సూపర్‌వైజరు మరో రెండు పెట్టెలు పేర్పించాడు. ఆరోగ్యవంతులైన కార్మికులకు అటువంటి పట్టీలు గాయాలను నివారిస్తాయనడానికి చాలినంత ఆధారం లేదని నియోష్ 1994లోనే తేల్చి చెప్పిందన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

మనిషిని మార్చి పనిని అలాగే ఉంచే పద్ధతికి పెద్ద వంశవృక్షమే ఉంది. అమెరికన్ ఇంజనీరు ఫ్రెడరిక్ టేలర్ 1911లో వెలువరించిన తన గ్రంథంలో బెత్లెహెం ఉక్కు కర్మాగారపు కథ ఒకటి చెప్పుకున్నాడు. రోజుకు పన్నెండున్నర టన్నుల దుక్క ఇనుము మోసే ఒక కూలి చేత నలభై ఏడు టన్నులు మోయించానని, అందుకు అతని కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెంచానని అతడు రాశాడు. మోత నాలుగింతలకు దగ్గరయింది, కూలి అరవై శాతం పెరిగింది. దీనికి ఎదురు ఉదాహరణ మన త్యాగరాయనగర్‌లోనే ఉంది. బట్టల దుకాణాల్లో పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే అమ్మాయిలకు రోజూ పిక్కల వ్యాయామం నేర్పించవచ్చు. అలా చేయక తమిళనాడు ప్రభుత్వం 2021లో దుకాణాల చట్టాన్ని సవరించి, కూర్చోవడానికి ఆసనాలు వేయమంది.

ఇప్పుడు మీ ఎం.ఏ. పుస్తకాలు తెరవండి, అదే తగవు కనిపిస్తుంది. అమెరికా అధ్యక్షుడు ట్రూమన్ 1949 జనవరిలో చేసిన ప్రమాణ స్వీకార ప్రసంగంలో వెనకబడిన దేశాలకు సాంకేతిక సహాయం చేస్తామని ప్రకటించిన తర్వాత, ఆ దేశాలు ఎందుకు వెనకబడ్డాయన్న ప్రశ్నకు రెండు రకాల జవాబులు వచ్చాయి. ఆధునికీకరణ సిద్ధాంతం లోపాన్ని ఆ సమాజాల లోపలే, వాటి అలవాట్లలో, మనస్తత్వంలో వెతికింది. సంప్రదాయ సమాజం నుంచి భారీ వినియోగ సమాజం దాకా అమెరికన్ ఆర్థికవేత్త రోస్టో 1960లో కట్టిన అయిదు మెట్లు ఆ కోవలోవే. ఆ ఆలోచన మన కాకినాడ దాకా వచ్చిందని మీకు తెలిస్తే పాఠం కొంత రుచిస్తుందేమో. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలండ్ బృందం 1964లో కాకినాడ వ్యాపారులను హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థకు రప్పించి, ఏదైనా సాధించాలన్న కాంక్షను పెంచే శిక్షణ ఇచ్చింది. శిక్షణ పొందినవారు పొందనివారికంటే చురుగ్గా వ్యాపారం పెంచుకున్నారని మెక్లెలండ్, వింటర్ కలిసి 1969లో రాశారు. ఆ మాట కొంతవరకు నిజమే కావచ్చు. మనిషికి శిక్షణ ఇస్తే ఫలితం ఉండదని నేనూ అనను. కానీ అప్పు ఎవరికి పుడుతుంది, లైసెన్సు ఎవరికి దొరుకుతుంది, సరుకుకు ధర ఎవరు కడతారన్న ప్రశ్నలు ఆ శిక్షణ తరగతి గది బయటే ఉండిపోతాయి. మీ పదిహేను నిమిషాల వ్యాయామం పక్కన దీనిని పెట్టి చూడండి.

రెండో జవాబు ఆ గది బయటి ప్రశ్నలనే పట్టుకుంది. ముడి సరుకులు అమ్మి యంత్రాలు కొనుక్కునే దేశాలు దీర్ఘకాలంలో వర్తకంలో నష్టపోతాయని 1950లో ఆర్థికవేత్తలు ప్రెబిష్, సింగర్ వేర్వేరుగా వాదించారు. వెనకబాటు అనేది ఒక తొలి మెట్టు కాదు, ప్రపంచ వ్యవస్థే దానిని తయారు చేసిందని గుండర్ ఫ్రాంక్ 1966లో అన్నాడు. అంతకు చాలా ముందే, 1901లో, దాదాభాయి నౌరోజీ భారత సంపద తరలిపోవడం గురించి లెక్కలతో సహా రాశారు; అయినా పాశ్చాత్య పాఠ్యపుస్తకాల్లో ఆయనకు దక్కే చోటు చిన్నది.

కొనడానికి ఒక్కటే ఎంచుకోవలసి వస్తే కేటీ విల్లిస్ రాసిన 'థియరీస్ అండ్ ప్రాక్టీసెస్ ఆఫ్ డెవలప్‌మెంట్' కొనండి. అర్థశాస్త్రం నేపథ్యం లేనివారికి అది అనువుగా ఉంటుంది. సిద్ధాంతాల మధ్య తగవు లోతుగా కావాలంటే రిచర్డ్ పీట్, ఎలైన్ హార్ట్‌విక్ కలిసి రాసిన 'థియరీస్ ఆఫ్ డెవలప్‌మెంట్' ఉంది. అందులో రచయితల పక్షపాతం దాగదు, నాకు నచ్చినది కూడా అదే. టొడారో, స్మిత్‌ల పెద్ద పుస్తకం అందరూ కొనమంటారు గానీ మీకు అది గ్రంథాలయంలో చూసుకుంటే చాలు. దేబ్‌రాజ్ రే 1998లో వెలువరించిన 'డెవలప్‌మెంట్ ఎకనామిక్స్'లో గణితం ఎక్కువ. అయినా పేదరికానికీ పోషకాహారానికీ పని సామర్థ్యానికీ ఉన్న ముడిని విప్పే భాగం మీకోసమే రాసినట్టుంటుంది: తిండి చాలక పని చేయలేడు, పని చేయలేక కూలి రాదు, కూలి రాక తిండి చాలదు. ఇండోనేషియా రబ్బరు తోటల్లో రక్తహీనత ఉన్న కార్మికులకు ఇనుము మాత్రలు ఇస్తే వారు సేకరించే రబ్బరు పాలు పెరిగాయని 1979లో ప్రచురితమైన ఒక అధ్యయనం చూపింది. మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉన్నట్టు అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే తేల్చింది. మీ లైనులోని ఆడపిల్లలు మధ్యాహ్నానికే అలసిపోవడానికి కండరాల బలహీనత కాక వేరే కారణం ఉండవచ్చునని నేననడం ఇందుకే. అమర్త్య సేన్ 1999 నాటి 'డెవలప్‌మెంట్ యాజ్ ఫ్రీడమ్'లో చెప్పిన సంగతి కూడా ఇక్కడే పనికివస్తుంది: ఒకే వనరు ఇద్దరి చేతుల్లో ఒకే ఫలితం ఇవ్వదు.

ఆర్థికవేత్త ఆర్థర్ లూయిస్ 1954లో రాసిన వ్యాసం పేరు మీ పాఠ్యప్రణాళికలో తప్పక ఉంటుంది. దానిని మాత్రం దాటవేయకండి. పల్లెల నుంచి మనుషులు వస్తూనే ఉన్నంత కాలం పట్టణ పరిశ్రమలో కూలి పెద్దగా పెరగకుండానే లాభం పెరుగుతుందన్నది దాని సారం. నడుము పోయిన కాంట్రాక్టు కార్మికుడు ఊరికి వెళ్లిపోతే మర్నాడు మరొకడు వస్తాడు కాబట్టి ఆ గాయం ఖరీదు కంపెనీ ఖాతాలో ఎక్కడా కనిపించదు. అమెరికాలో కార్మికుల పరిహార బీమా ప్రీమియం ఆ సంస్థలో జరిగిన గాయాల చరిత్రను బట్టి మారుతుంది. అందుకే ట్రెయినరుకు జీతమిచ్చి పెట్టుకోవడం అక్కడ లెక్కకు గిట్టుబాటు అవుతుంది. మన కార్మికుల ఆరోగ్య బీమా అయిన ఇ.ఎస్.ఐ.లో యజమాని వాటా 2019 జూలై నుంచి జీతంలో 3.25 శాతం. వంద మందికి నొప్పి వచ్చినా, ఒక్కరికీ రాకపోయినా ఆ శాతం మారదు. అక్కడి కార్యక్రమాన్ని ఇక్కడికి తెచ్చినవారు దాని వెనకనున్న లెక్కను తేలేదు; మిగిలింది ఉదయపు వ్యాయామం, దాని ఫొటో.

ఆ లెక్కలో ఒక చీకటి కోణం ఉంది, మీరు జాగ్రత్తపడండి. అమెరికా నిబంధనల ప్రకారం ప్రథమ చికిత్సతో ఆగిపోయిన గాయాన్ని నమోదు చేయనక్కరలేదు. మసాజ్ ప్రథమ చికిత్స కిందకు వస్తుంది, ఫిజియోథెరపీ వైద్య చికిత్స కిందకు వస్తుంది. అందుచేత రిజిస్టరులో అంకె తగ్గించడానికే ట్రెయినరును వాడుకునే ప్రలోభం అక్కడి సంస్థలకు ఉంది. మీ విదేశీ కొనుగోలుదారులు చూసేదీ ఆ అంకెనే. నొప్పితో వచ్చినవారిని రాయకుండా పంపించమని ఎవరైనా సూచిస్తే ఒప్పుకోకండి. ఫిర్యాదులు తగ్గలేదంటే కనీసం మీ దగ్గరికి వచ్చి చెప్పుకునే ధైర్యం వారికి ఉందన్నమాట.

ఎడిషన్ల విషయంలో రెండు రంగాలకూ ఒకే సూత్రం వర్తించదు. అభివృద్ధి సిద్ధాంతాలకు పాత ఎడిషన్ నిశ్చింతగా కొనవచ్చు. రోస్టో, ఫ్రాంక్ వాదనలు మారవు, పట్టికల్లోని అంకెలే పాతబడతాయి. చికిత్సకు సంబంధించిన పుస్తకం మాత్రం కొత్తదే కొనాలి. బెణుకుకు విశ్రాంతి, ఐసు, కట్టు, కాలు ఎత్తి పెట్టడం అని 1978లో సూత్రం కట్టిన అమెరికన్ వైద్యుడు గేబ్ మర్కిన్, ఐసు మానుదలను ఆలస్యం చేయవచ్చని దశాబ్దాల తర్వాత తానే ఒప్పుకున్నాడు. తలదెబ్బ తగిలినవారిని ఎప్పుడు తిరిగి పంపాలన్న నియమాలు కూడా చాలా మారాయి. కొట్టూరుపురంలోని అన్నా శతజయంతి గ్రంథాలయం, ఎగ్మూరులోని కన్నెమరా మీకు ఆదివారం బస్సు దూరంలోనే ఉన్నాయి. భారతదేశంలో ప్రచురితమయ్యే ప్రతి పుస్తకం ఒక ప్రతి చట్టప్రకారం కన్నెమరాకు చేరాలి కాబట్టి, విదేశీ పాఠ్యపుస్తకాల భారతీయ ముద్రణల కోసం ముందు అక్కడ వెతకండి.

డబ్బు ఖర్చు లేని పని ఒకటి చెప్పి ముగిస్తాను. దర్జీ టేపు ఒకటి, చిన్న నోటు పుస్తకం ఒకటి తీసుకోండి. నాలుగు వారాల పాటు, నొప్పితో వచ్చిన ప్రతి ఒక్కరి పేరు రాయకుండా, ఏ భాగంలో నొప్పి, ఏ స్టేషనులో పని, షిఫ్టులో ఎన్నో గంట అన్నవి మాత్రమే రాసుకోండి. తర్వాత ఆ స్టేషన్ల దగ్గర పెట్టె ఎంత ఎత్తులో ఉంది, ఎంత దూరంలో ఉంది, మనిషి ఎటు తిరుగుతున్నాడన్నది కొలవండి. నొప్పులు ఫ్యాక్టరీ అంతటా సమంగా పరచుకుని ఉంటే వ్యాయామం గురించి మళ్లీ ఆలోచిద్దాం. రెండు మూడు స్టేషన్ల దగ్గరే పోగుపడి ఉంటే, అందులో ఒక్కదానిలో ట్రాలీ ఎత్తు మార్చి నెల రోజులు చూడడానికి మీ ప్రొడక్షన్ మేనేజరును అనుమతి అడగండి. హెచ్.ఆర్. విభాగం కంటే ఆయనే త్వరగా వింటారని నా అనుభవం, ఎందుకంటే మనిషి వంగి లేచే సమయం ఆయన లెక్కలో సెకన్లుగా కనిపిస్తుంది. ఎం.ఏ. ప్రాజెక్టుకు కూడా ఇదే విషయం సరిపోతుంది. పర్యవేక్షకుడు ఒప్పుకోకపోతే లూయిస్ వ్యాసాన్నీ ఇ.ఎస్.ఐ. లెక్కనూ ముందు పెట్టి మాట్లాడండి. నాలుగు వారాల నోటు పుస్తకం నిండాక మళ్లీ ఉత్తరం రాయండి. సంస్థ పేరు వద్దు, ఎత్తులూ దూరాలూ చాలు.